జేబు మీద ముడుల పంట

అమెరికా స్కౌట్ సంఘంలో పిల్లలకు తాళ్ల ముడులు నేర్పేది జీతంభత్యం లేని పెద్దవాళ్లు. వాళ్ల సేవకు దక్కే అవార్డుల గుర్తుగా ఎడమ జేబు పైన కుట్టుకునేదీ ముడి బొమ్మే. ఒక్కో అవార్డుకు ఒక్కో రంగు, వరసకు మూడు. కొందరు సీనియర్లకు జేబు నుంచి భుజం దాకా పాకేశాయి. మనవాళ్ల సన్మాన శాలువాలు గుర్తొస్తే తప్పు మాది కాదు.

ఈ రద్దీ తగ్గించాలని, శిక్షణ అవార్డుల్లో ఇక విభాగానికో ముడి వద్దు, ఏ విభాగమో తెలియడానికి ముడి మీద చిట్టి పిన్ను గుచ్చుకోండి అంది సంఘం. ఆ పిన్ను కనిపించాలంటే ఎదుటివాడు అయ్యగారి గుండెకు ముక్కు ఆనించాలి! రద్దయిన పాతవాటి సంగతో? ముందే సంపాదించినవాళ్లు నిక్షేపంగా పెట్టుకోవచ్చట. విప్పమంటే ఊరుకుంటారా మరి? 2008లో యూనిఫాం భుజం పట్టీలు ఎరుపు నుంచి ఆకుపచ్చకు మారాయి. 2025లో సంఘం పేరే ‘స్కౌటింగ్ అమెరికా’ అయింది. ముడుల మోజు మాత్రం చెక్కుచెదరలేదు.

అదే 1919లో ఇంగ్లండ్‌లోని గిల్‌వెల్‌లో నాయకత్వ శిక్షణ ముగించినవాళ్లకు స్కౌట్ ఉద్యమ స్థాపకుడు బేడెన్ పవెల్ ఇచ్చింది చెక్కపూసలు. తోలుతాడుకు గుచ్చి వేసుకోవడమే, దర్జీ ఖర్చు కూడా లేదు.