గార్డియన్ సంతకం

మా ప్రిన్సిపాల్ గారు ఉద్యోగం చేస్తూనే సాయంత్రం కాలేజీలో బి.ఎల్. చదివారు. ప్రాక్టీసు పెట్టలేదు. దాంతో ఆ చదువంతా మామీదే ఖర్చుపెడుతుంటారు. క్యాజువల్ లీవ్ చీటీ మీద కూడా ఏ రూలు కిందో రాయందే సంతకం పెట్టరు. అలాంటాయన దగ్గరికి వెళ్లి జువాలజీ మేడమ్, పర్యావరణం పేపరు పిల్లలకి ఓటీటీలో ఉన్న ఒక డాక్యుమెంటరీ చూపిస్తానన్నారు. ఉప్పాడని సముద్రం కోసుకుపోవడం మీద తీసిన సినిమా అది. కాకినాడలో కూచుని ఉప్పాడ గురించి గైడులో చదివించడమేమిటని ఆవిడ బాధ.

"చందా ఎవరిదమ్మా?" అన్నారు ప్రిన్సిపాల్.

"నాదేనండి."

"ఇంట్లో చూసుకోడానికి కట్టారా, కాలేజీలో ఆడించడానికి కట్టారా?"

మేడమ్ స్టాఫ్‌రూమ్‌కొచ్చి ఈ మాట చెబితే అందరం నవ్వాం. నిజానికి ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. చదవకుండానే 'ఒప్పుకుంటున్నాను' అని మనం నొక్కేసే ఆ షరతుల చిట్టాలో, సొంతంగా చూసుకోడానికే ఈ చందా అని ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ వాళ్లు తమ డాక్యుమెంటరీల్లో కొన్నిటికి మాత్రం సడలింపు ఇచ్చారు. చదువు కోసం ఒకసారి ఆడించుకోవచ్చు, టిక్కెట్టు పెట్టకూడదు, ఖాతా ఉన్నవాళ్లే దగ్గరుండి పెట్టాలి. మేడమ్ ఆ జాబితా అంతా వెతికారు. ఉప్పాడ సినిమా అందులో ఎందుకుంటుంది? అది వేరే ఓటీటీది.

చట్టం మాత్రం మేడమ్ వైపే ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో, (1)(జె) అనే క్లాజులో, విద్యాసంస్థ తన పనుల్లో భాగంగా సినిమా ఆడిస్తే అది ఉల్లంఘన కిందికి రాదని రాసుంది. మెలికల్లా ప్రేక్షకుల దగ్గరే. సిబ్బంది, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, సంరక్షకులు, సంస్థ కార్యకలాపాలతో సంబంధం ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరూ ఉండకూడదు. అమెరికాలో 1976 చట్టం తరగతి గదిలో సినిమా చూపించనిస్తుంది గానీ, ఆ కాలేజీ లాభాపేక్ష లేనిది అయ్యుండాలంటుంది. మన క్లాజులో ఆ షరతు లేదు. మా కరస్పాండెంట్ గారి అదృష్టం.

"చట్టం ఒప్పుకుంది సరే, మీరు ఓటీటీ వాళ్లతో చేసుకున్న ఒప్పందం సంగతేమిటి? అది వేరు, ఇది వేరు" అన్నారు ప్రిన్సిపాల్. మేడమ్ ఆ కంపెనీకి మెయిలు పెట్టారు. మొదట్లో మెషీన్లు జవాబిచ్చాయి. చివరికి ఎవరో మనిషే రాశారు: తరగతి గదిలో, ఒకే ఒక్కసారి, ఉచితంగా, 52(1)(జె)లో చెప్పిన ప్రేక్షకులకు మాత్రమే. ప్రిన్సిపాల్ గారు దాన్ని ప్రింటు తీయించి లామినేషన్ చేయించారు.

ఇక వైర్ల గొడవ. ముందురోజు పెట్టి చూస్తే మాటలు వినిపిస్తున్నాయి, కింద సబ్‌టైటిల్స్ పడుతున్నాయి, బొమ్మ మాత్రం నల్లగా ఉంది. ఎవరూ కాపీ చేసుకోకుండా సినిమాకి వేసిన తాళం అది. లాప్‌టాప్ నుంచి ప్రొజెక్టరు దాకా దారిలో ఉన్న ప్రతి వస్తువూ ఆ తాళాన్ని గుర్తుపట్టాలి. మాదేమో నీలం ప్లగ్గున్న పాత వీజీఏ ప్రొజెక్టరు, దానికో కన్వర్టరు. "టెలిగ్రామ్‌లో ఉంది సార్, రెండు నిమిషాల్లో దించేస్తాం" అన్నారు పిల్లలు. ప్రిన్సిపాల్ గారు 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టానికి చేసిన సవరణ ఎత్తుకున్నారు. మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, జరిమానా మూడు లక్షలకి తగ్గదు. ఆ సెక్షన్ థియేటర్లో కెమెరా పెట్టి రికార్డు చేసేవాళ్ల గురించని మాలో ఒకరిద్దరికి తెలుసు. ఎవరం నోరెత్తలేదు. ఫిజిక్స్ వాళ్ల కొత్త ప్రొజెక్టరు బతిమాలి తెచ్చుకున్నాం.

సినిమా రోజు తలుపు దగ్గర బల్ల, బల్ల మీద రిజిస్టరు, పక్కన ప్రిన్సిపాల్ గారు. ఐడీ కార్డు లేనివాళ్లని వెనక్కి పంపారు. టీలు తెచ్చిన క్యాంటీన్ కుర్రాడు గుమ్మంలోంచి తెర వంక తొంగిచూస్తే, ఫ్లాస్కు మాత్రం లోపలికి తీసుకుని తలుపేశారు.

మేడమ్ ఇంకో ఏర్పాటు కూడా చేశారు. ఆ సినిమా తీసిన డైరెక్టర్నే పిలిచారు. సినిమా అయ్యాక పిల్లలతో మాట్లాడతారని. ఆయన హైదరాబాద్ నుంచి రాత్రి బస్సులో వచ్చి, నలిగిన చొక్కాతో, చంకలో సంచీతో దిగారు. ప్రిన్సిపాల్ గారు శాలువా కప్పారు, బొకే ఇచ్చారు, ఫొటో దిగారు. లైట్లు ఆర్పబోతుంటే ఆయన చెవి దగ్గర మెల్లగా అన్నారు, "మీరు గంటన్నర సేపు వరండాలో కూచోవాలండి. కుర్చీ వేయించాను."

డైరెక్టర్ వేళాకోళం అనుకుని నవ్వారు. ప్రిన్సిపాల్ గారు నవ్వలేదు.

"ఆ సినిమా తీసిందే ఆయనండీ!" అన్నారు మేడమ్.

"తీశారు. కానీ ఆయన దాని కర్త కాదమ్మా. మన చట్టంలో సినిమాకి కర్త నిర్మాత."

"ఆయన చెప్పింది నిజమేనండి" అన్నారు డైరెక్టర్, మేడమ్‌ని సముదాయిస్తున్నట్టు. "2010లో పెట్టిన బిల్లులో నిర్మాతతోపాటు డైరెక్టర్ని కూడా కర్తగా చేర్చారు. 2012లో చట్టమయ్యేసరికి మమ్మల్ని దింపేశారు."

"అతిథి కదండీ. సంస్థ కార్యకలాపాలతో సంబంధం ఉన్నవాళ్లలో వేసుకోకూడదా?"

"ఆ మాటకి రేపు కోర్టు ఏం అర్థం చెబుతుందో! ఆయన ఉపన్యాసానికి అతిథి. సినిమాకి బయటి మనిషి." డైరెక్టర్ వైపు తిరిగారు. "మీరు మా స్టాఫా? స్టూడెంటా? పోనీ, ఇక్కడ మీ పిల్లలెవరైనా చదువుతున్నారా?"

అప్పుడు వెనక బెంచీ లోంచి ఒక కుర్రాడు లేచాడు. బీకామ్ రెండో సంవత్సరం, ఉప్పాడ నుంచి బస్సులో వచ్చేవాడు. "సార్, మా నాన్న వేటకెళ్లాడు. షూటింగ్ జరిగినన్నాళ్లూ బాబాయ్ మా ఇంట్లోనే ఉన్నారు. నా గార్డియన్‌గా రాసేసుకోండి సార్."

ప్రిన్సిపాల్ గారు కళ్లద్దాలు సవరించుకున్నారు. 'సంరక్షకులు' అన్న మాట క్లాజులో ఉంది. కుర్రాడి అడ్మిషన్ ఫైలు తెప్పించారు. గార్డియన్ గడి ఖాళీగానే ఉంది. డైరెక్టర్ పేరు, ఊరు, ఫోన్ నంబరు, సంతకం. ప్రిన్సిపాల్ గారి మొహంలో అంత తృప్తి మేమెప్పుడూ చూడలేదు. "ఇప్పుడు లోపలికి దయచేయండి" అన్నారు. ఫైలు ఆఫీసుకి వెళ్లిపోయింది.

సినిమా బాగుంది. మాలో చాలామంది ఆ బీచ్ రోడ్డు మీద ఎన్నోసార్లు తిరిగినవాళ్లమే. తుఫాను వచ్చినప్పుడల్లా అది తెగడం, కంకర పోయడం, మళ్లీ తెగడం మాకు అలవాటైపోయింది. తెరమీద చూస్తుంటే అలవాటుగా అనిపించలేదు. అలలకి అడ్డంగా వేసిన జియోట్యూబుల గోడ చిరిగి పడుంటే, ఆ గుడ్డ మీద కూచుని ఒక ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు. తరవాత ఒక ఇల్లు. వెనక గోడ లేదు, వంటగదిలోంచి నేరుగా సముద్రం కనబడుతోంది. ఒకావిడ దానికి వీపు పెట్టి చేపల పులుసు కలుపుతోంది. "మీ అమ్మేరా!" అని ముందు బెంచీల్లోంచి అరిచారు. కుర్రాడు తల దించుకుని నవ్వాడు. ఆ వంటగది ఇప్పుడు లేదు.

ప్రశ్నలు మొదలయ్యాయి. ఇసుక ఎందుకు తగ్గుతోంది, ఓడరేవు కట్టడాల వల్లేనా, గోడ కడితే ఆగుతుందా. డైరెక్టర్ ఓపిగ్గా చెబుతున్నారు. ఇంతలో మూడో బెంచీ అమ్మాయి లేచి, "ఈ సినిమాకి మీకెంతొచ్చింది సార్?" అంది. మేడమ్ కళ్లెర్రజేశారు.

"చెబుతాలేమ్మా, చివర్లో" అని ఆయన దాటేశారు.

చప్పట్లు అయిపోతుండగా ఆఫీసు నుంచి అకౌంటెంట్ వచ్చాడు, చేతిలో రసీదు పుస్తకం. మా ఆఫీసులో గార్డియన్ ఫోన్ నంబరు దొరకడమంటే మాటలు కాదు.

"గార్డియన్ గారు తమరేనాండి? బాబుకి రీయింబర్స్‌మెంటు ఇంకా పడలేదండి. పడేదాకా గార్డియన్‌వారే సర్దాలండి. అది కట్టందే హాల్‌టికెట్ ఇవ్వొద్దన్నారు. పద్దెనిమిది వేల అయిదొందలు."

కుర్రాడు మధ్యలోకి రాబోతే డైరెక్టర్ చేత్తో ఆపారు. చీటీ అందుకుని, అంకెల్ని ఓసారి చూసి, మూడో బెంచీ వైపు తిరిగారు.

"ఇందాక అడిగావు కదమ్మా, ఎంతొచ్చిందని. ఇదుగో, ఇందులో ఓ రెండువేలు తీసెయ్."