లేని విమానం

పాత ప్లాస్టిక్ విమానాల కిట్ కట్టేవాళ్ళ ఓపిక అంటే నాకు చాలా గౌరవం. ముక్కలు అతికించడం ఎంతసేపు? ఆ అతుకు కనబడకుండా చేయడానికే రోజులు పడతాయి. రెండు సగాలు కలిసినచోట పుట్టీ పెట్టాలి, ఆరనివ్వాలి, తడిపిన ఎమరీ పేపరుతో రుద్దాలి. నున్నగా వచ్చిందనుకుని ప్రైమర్ కొడితే గీత మళ్ళీ పైకి తేలుతుంది. మళ్ళీ పుట్టీ, మళ్ళీ రుద్దుడు.

లాస్ వేగస్‌లో నాతో పనిచేసిన ఒక అమెరికన్ ఈ పనిలో ఘటికుడు. ఒకసారి వాళ్ళింటికి వెళ్ళేసరికి ఆయన బల్ల మీద టెస్టర్స్ కంపెనీ 1986లో అమ్మిన ఎఫ్-19 స్టెల్త్ ఫైటర్ ఉంది. అసలు సైజులో 48వ వంతు. పెట్టెలో డెకాల్ కాగితం పచ్చబడిపోయి ఉంటే, దాన్ని కిటికీ అద్దానికి టేపుతో అంటించి ఎండకి పెట్టారు. కొన్నాళ్ళు ఎండ తగిలితే ఆ పసుపు చాలావరకు పోతుంది. మ్యాట్ నలుపు మీద డెకాల్ నేరుగా వేస్తే కింద గాలి చేరి తెల్లగా మెరుస్తుంది కాబట్టి ముందు నిగనిగలాడే వార్నిష్ ఒక పూత, దాని మీద డెకాల్, ఆఖర్న మళ్ళీ మ్యాట్ పూత. లోకంలో ఎక్కడా లేని విమానానికి ఇంత శ్రద్ధా అని అడిగాను. చిన్నప్పుడు నాన్నతో కలిసి కట్టింది ఇళ్ళు మారడంలో పోయిందట. ఎమరీ పేపరు కింద పెట్టకుండానే మిగతా కథ చెప్పారు.

ఆ రోజుల్లో అమెరికా యుద్ధవిమానాల వరసలో ఎఫ్-18 తర్వాత ఎఫ్-20 వచ్చింది. మధ్యలో 19 ఏమైనట్టు? రాడార్‌కి చిక్కని రహస్య విమానానిదే ఆ నంబరని అందరూ అనుకునేవారు. ప్రభుత్వం నోరు విప్పేది కాదు. టెస్టర్స్ డిజైనర్ జాన్ ఆండ్రూస్ ఊహించి దానికో రూపం ఇచ్చాడు. ఒళ్ళంతా వంపులు, గుండ్రటి అంచులు, లోపలికి వాలిన రెండు తోకరెక్కలు. కిట్లు విపరీతంగా అమ్ముడుపోయాయి. మాకు చూపించని విమానం బొమ్మల పెట్టెల్లో దొరకడమేమిటని కాంగ్రెస్ సభ్యుడు రాన్ వైడెన్ నిలదీసేదాకా వెళ్ళింది వ్యవహారం.

అప్పటికి నాకీ కథ చెబుతున్నాయనకి పన్నెండేళ్ళు. తండ్రి వైమానిక దళంలో మెకానిక్కు. సోమవారం పొద్దున్నే వెళ్తే మళ్ళీ శుక్రవారమే ఇంటికి రావడం. ఎక్కడికంటే డ్యూటీకి. ఏం డ్యూటీ అంటే ఏ-7 విమానాల మరమ్మతు. అంతకుమించి ఒక్క ముక్క రాలేది కాదు. "వారానికి నాలుగు రాత్రులు ఎక్కడ పడుకుంటున్నావో కట్టుకున్నదానికి కూడా చెప్పకూడదా?" అని తల్లి ఎన్నోసార్లు అడిగింది. అతను తల వంచుకునేవాడు. ఆ తల వంచుకోవడానికి ఆమె తనకు తోచిన అర్థం తీసుకుంది. ఏ ఇల్లాలైనా అదే తీసుకుంటుంది.

శనివారాలు మాత్రం తండ్రి కొడుకు పక్కన కూర్చుని అతుకులు రుద్దేవాడు. కొడుకు పాఠం చెప్పేవాడు: "అంచు ఉంటే రాడార్‌కి దొరికిపోతుంది నాన్నా. వంపైతే దాని మీంచి జారిపోతుంది. నీకు ఇవేమీ తెలీవు. నీ ఏ-7లు ఇంక పాత ఇనుముకే."

"అంతేనేమోరా," అని తండ్రి రెక్క మీద వేలు నడిపి, "ఇదిగో, ఇక్కడ ఇంకా అంచు తగులుతోంది" అని పేపరు అందుకునేవాడు.

1988 వేసవిలో విడాకులయ్యాయి. కోర్టులో తండ్రి దేనికీ ఎదురు చెప్పలేదు. తల్లి పుట్టింటి పేరు మళ్ళీ పెట్టుకుంది.

అదే ఏడాది నవంబరు 10న పెంటగాన్ ఒక మసక ఫొటో విడుదల చేసింది. విమానం పేరు ఎఫ్-117. దాంట్లో వంపన్నది లేదు. చదును పలకలు, వాటి మధ్య పదునైన అంచులు, రత్నాన్ని సానబట్టినట్టు. రాడార్ తరంగం ఎటు తిరిగిపోతుందో ఆ విమానం రూపుదిద్దుకున్న 1970లనాటి కంప్యూటర్లు చదును పలకలకే లెక్క కట్టగలిగేవి, అందుకని ఆ ఆకారం. 1981 నుంచే అది నెవాడా ఎడారిలో ఎగురుతోంది. ఏ-7లు దాన్ని కప్పిపుచ్చడానికి పెట్టిన తెర. ఈ సంగతులన్నీ జనానికి తెలియడానికి ఇంకా టైము పట్టింది.

తండ్రి అప్పుడప్పుడూ ఫోన్ చేసేవాడు. ఫొటో సంగతి కొడుకు ఎత్తినా మాట మార్చేసేవాడు.

1990 ఏప్రిల్ 21న, వేగస్ పక్కనే ఉన్న నెల్లిస్ స్థావరంలో ఆ విమానాన్ని మొదటిసారి ప్రజలకి చూపించారు. విమానాల పిచ్చి తగ్గని కొడుకుని తల్లే కార్లో తీసుకెళ్ళింది. జనం విరగబడ్డారు. తాడు అవతల నల్లటి విమానం, దాని పక్కన యూనిఫాంలో ఒక మెకానిక్కు. ముందు వరసలోని పిల్లలు అడిగేవాటికి ఓపిగ్గా జవాబు చెబుతూ, రెక్క అంచు ఎక్కడ మొదలై ఎక్కడ తిరుగుతుందో చేత్తో చూపిస్తున్నాడు. టోపీ నీడలో మొహం సరిగా కనబడటం లేదు.

కొడుకు కళ్ళు విమానం మీదే ఉన్నాయి. తల్లి ఆ మనిషి చొక్కా వంక చూసింది. అమెరికా సైనికుల ఛాతీ మీద ఇంటిపేరు ఒక్కటే కుట్టి ఉంటుంది.

రెండేళ్ళ కిందట కోర్టు కాగితం మీద ఆమె వదిలేసుకున్న ఇంటిపేరు అది.