మహారాజశ్రీ లీజు ఫైలు గారి దివ్య సముఖానికి

గనులు, భూగర్భ శాఖ బీరువాలో నివాసముంటున్న మహారాజశ్రీ లీజు ఫైలు గారికి, తాటిపూడి నీళ్లు తాగే ఒక విశాఖవాసి నమస్కరించి చేసుకుంటున్న విన్నపం.

విషయం: తమరు తరచూ పేరు మార్చుకోవడం గురించి.

అయ్యా,

ఈ ఉత్తరమేదో మంత్రిగారికే రాయవచ్చు కదా అని మిత్రులు అన్నారు. మంత్రులు అయిదేళ్లకోసారి మారతారు. కలెక్టర్లు అంతకన్నా ముందే మారతారు. విశాఖ ఏజెన్సీ కొండల మీద మనసు పడ్డ నాటి నుంచి నేటి వరకూ కదలకుండా పదవిలో ఉన్నది తమరొక్కరే. అందుకే అసలు అధికారి తమరేనని నిశ్చయించుకున్నాం.

తమరితో మాకు మొదటి పరిచయం కాల్సైట్ పేరున. అనంతగిరి మండలంలో, బొర్రా గుహల చుట్టుపక్కల. గిరిజనుల భూమిని గిరిజనేతరులకు బదలాయించకూడదని 1970లో సవరించిన 1/70 చట్టం చెబుతోంది. ఆ చట్టం తమరి బీరువాలోనే, బహుశా తమరి పక్క అరలోనే, ఉండి ఉంటుంది. అయినా లీజులు వెళ్లాయి. సమత అనే సంస్థ గిరిజనుల తరఫున కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడిపోయి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1997 జూలై 11న తీర్పు వచ్చింది: షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమి కూడా గిరిజనేతరులకు లీజుకివ్వడానికి లేదు. తవ్వితే ప్రభుత్వ సంస్థ తవ్వాలి, లేదా గిరిజనుల సహకార సంఘం తవ్వాలి. లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతానికి నీళ్లు, బడులు, ఆసుపత్రులు, రోడ్ల కోసం పక్కన పెట్టాలి. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరి మాట అది. దేశంలోని గిరిజన ప్రాంతాలన్నీ ఆ తీర్పును సమత తీర్పు అని ఇప్పటికీ తలచుకుంటున్నాయి.

తమరి పని అయిపోయిందని మేం అప్పుడు సంబరపడ్డాం. తమరు బీరువాలోకి వెళ్లి తీర్పును మాకంటే శ్రద్ధగా చదువుకున్నారు. ‘ప్రభుత్వ సంస్థ తవ్వాలి’ అన్న మాట దగ్గర తమరి కన్ను ఆగింది. పేరు బాక్సైట్‌గా మార్చుకున్నారు. తవ్వడానికి రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ, తవ్విన బాక్సైట్ తీసుకోవడానికి ప్రైవేటు కంపెనీ! 2005లో జిందాల్‌తో, 2007లో యూఏఈలోని రస్ అల్ ఖైమాతో ఒప్పందాలు అయ్యాయి. కొండ మీద ఒక్క తట్ట మట్టి ఎత్తకముందే మాకవరపాలెంలో రిఫైనరీ లేచి నిలబడింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఖనిజం రాక ఆ సోమలింగం ఖాళీ కడుపుతో కూర్చున్నాడు. అందులో పెట్టుబడి పెట్టిన రస్ అల్ ఖైమా మన దేశం మీద అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లింది.

ఇంత పట్టుదల దేనికో కాస్త చెప్పుకుందాం. మా కొండల నెత్తిన ఉన్న బాక్సైట్ పొర బొరియలు బొరియలుగా ఉంటుంది. వానాకాలం తాగిన నీటిని నెమ్మదిగా ఊటలుగా వదులుతుంది. ఎండాకాలంలో కూడా గెడ్డలు పారుతున్నాయంటే ఆ పొర చలవే. కాఫీ తోటలు, మిరియపు తీగలు, పొలాలు ఆ తడి మీదే బతుకుతున్నాయి. కొండల్లో పుట్టిన గోస్తని కిందికి దిగి తాటిపూడి జలాశయం నింపుతుంది. అక్కణ్ణుంచి గొట్టాల్లో విశాఖ వచ్చి మా ఇంటి కుళాయిలో పడుతుంది. ఇక ఒక టన్ను అల్యూమినియం కావాలంటే సుమారు నాలుగు టన్నుల బాక్సైట్ కావాలి. బాక్సైట్ నుంచి అల్యూమినా తీశాక దాదాపు ఆ అల్యూమినా బరువంత ఎర్ర బురద, ఘాటైన క్షారంతో, మిగులుతుంది. దాన్ని ఎక్కడ పోస్తారన్నది తమరి నోట్ ఫైల్లో ఏ పేజీలో ఉందో చెబితే చదువుకుంటాం.

2015 నవంబరు 5న జీవో 97గా తమరు మళ్లీ దర్శనమిచ్చారు. చింతపల్లి అడవిలో 1,212 హెక్టార్లు, అంటే దాదాపు 3 వేల ఎకరాలు, బాక్సైట్‌కు. చింతపల్లి అంటే 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకుపోయిన ఊరు. అడవిలోకి వెళ్లనివ్వని చట్టాల మీద కోపమే ఆ తిరుగుబాటుకు మూలం. తరవాత 2022లో ఏకంగా ఓ జిల్లాకే ఆయన పేరు పెట్టారు. పేరు పెట్టడంలో మన ప్రభుత్వాల చేతికి ఎముక ఉండదు. జీవో రాగానే ఏజెన్సీ అంతా రోడ్డెక్కింది. వద్దన్నవాడల్లా మావోయిస్టేనని అనేవాళ్లు అన్నారు. సంతలో పిప్పళ్లు అమ్ముకునే ముసలమ్మ కూడా వద్దనే అంది. మొత్తానికి 2019లో ఆ జీవో రద్దయింది. ప్రతిపక్షంలో ఉన్నంతకాలం కొండ మీద ప్రేమ లేని పార్టీని మేం ఇంతవరకూ చూడలేదు.

ఈసారి తమరి అవతారం లేటరైట్. 2015 ఫిబ్రవరిలోనే కేంద్రం కాల్సైట్, లేటరైట్ సహా 31 ఖనిజాలను చిన్నతరహా ఖనిజాల్లో కలిపింది. పెత్తనం రాష్ట్రానిదైంది. లీజు గిరిజనుడి పేరున ఉంటే చట్టం గడప దాటినట్టు కూడా లెక్కకు రాదు. ప్రొక్లెయిన్ ఒకరిది, లారీ ఒకరిది, లాభం ఇంకొకరిది, వేలిముద్ర మాత్రం గిరిజనుడిది. ఏజెన్సీలో ఇది పిల్లలకు కూడా తెలిసిన రహస్యం. లేటరైట్ పేరు చెప్పి బాక్సైటే తోలుతున్నారని, అందుకోసం అడవిలో రోడ్డు వేశారని నాతవరం మండలం నుంచి లేచిన గొడవ 2021లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. నిండు గర్భిణిని డోలీలో మోసుకొచ్చే ఊళ్లకు రాని రోడ్డు, లారీ పిలిస్తే వస్తుంది. లేటరైటో బాక్సైటో తేలడానికి అల్యూమినా శాతం చూడాలట. ఏ ప్రయోగశాలలో, ఎవరి చెయ్యి తడిస్తే, ఆ శాతం ఎంత తగ్గుతుందో తమరికి తెలిసినంతగా మరెవరికి తెలుస్తుంది?

ఇక ప్రజాభిప్రాయ సేకరణ సంగతి. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ మేం చదివాం. నెల రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, అంతా వీడియో తియ్యాలి అని అందులో ఉంది. హాజరుకు కోరం అక్కర్లేదనీ ఉంది. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, మంచినీళ్ల సీసాలు, పోలీసులు ఉంటే చాలు, ప్రజలు లేకపోయినా ప్రజాభిప్రాయం సేకరించవచ్చు. ఇంత పొదుపైన ఏర్పాటును ఎన్నికల సంఘం వారు ఇంకా గమనించినట్టు లేదు. ఒడిశాలోని నియమగిరి బాక్సైట్ కొండల్లో మాత్రం వేరే పద్ధతి నడిచింది. 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంది. పన్నెండు పల్లెల్లో సభలు పెడితే పన్నెండూ వద్దన్నాయి. మన పార్వతీపురానికి ఆ కొండలు దగ్గరే. తమరు ఒకసారి వెళ్లి చూసి రావచ్చు.

తమరి మీద అర్జీ పెట్టుకుందామంటే ఆ కౌంటర్ కూడా తమరి బాటలోనే నడుస్తోంది. ప్రజావాణి అన్నారు, మీకోసం అన్నారు, స్పందన అన్నారు, జగనన్నకు చెబుదాం అన్నారు, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. అదే సోమవారం, అదే వరుస. మన్యం నుంచి తెల్లారకముందే బయల్దేరి వచ్చినవాళ్లు బోర్డు చూసి, ఇదేనా బాబూ అని అడుగుతారు. ఇదే అని చెబుతాం.

మా కోరిక చాలా చిన్నది. వచ్చేసారి తమరు ఏ పేరున వస్తున్నారో కాస్త ముందుగా తెలియజేయండి. ‘బాక్సైట్ వద్దు’ అని రాయించిన ప్లకార్డులు అటక మీద భద్రంగానే ఉన్నాయి కానీ, లేటరైట్‌కు అక్కరకు రాలేదు. పెయింటు ధర పెరిగింది. ఖాళీ వదిలి రాయించుకుంటే, తమరి పేరు తెలిశాక అక్కడ నింపుకుంటాం.

ఇట్లు,
తమరి చిరకాల పరిచయస్తుడు

జతపరచినవి: 1997 నాటి సుప్రీంకోర్టు తీర్పు నకలు, ఒకటి. తమరి దగ్గర ఉన్నదని తెలుసు. ఆ 20 శాతం గురించి రాసిన పేజీ తమరి ప్రతిలో అంటుకుపోయి ఉంటుందేమోనని విడిగా మడతపెట్టి పంపుతున్నాం. ముట్టినట్టు రశీదు ఇప్పించగలరు.