నా పాటకు తాళం రాసిపెట్టలేదు

నా పేరు గూచిన్. పుట్టింది చైనాలో, మింగ్ రాజుల కాలంలో. ఏ ఏటో చెప్పలేను, నా కడుపులో రాసిన అక్షరాలు చెరిగిపోయాయి. నా వయసు తేల్చాలనుకునేవాళ్లు ఒంటి మీది లక్క పగుళ్లు చూస్తారు. జింక కొమ్ము పొడి కలిపి పూత మీద పూత వేసిన లక్క అది. ఏళ్ల తరబడి మోగితే అడ్డంగా చిట్లుతుంది. దొంగ పగుళ్లు పెట్టి అమ్మేవాళ్లూ ఉన్నారు లెండి.

మీ వీణకున్నట్టు నాకు మెట్లు లేవు, కుండ లేదు. సుమారు నాలుగడుగుల బోలు పెట్టెను. పైన ఏడు తీగలు, అంచున పదమూడు చిప్ప చుక్కలు. ఆ చుక్కలు పన్నెండు నెలలు, ఒక అధిక మాసం అని పెద్దలు చెబుతారు. వినడానికి బాగానే ఉంటుంది కానీ అసలు లెక్క తీగది. తీగలో సగం, మూడో వంతు, నాలుగో వంతు వచ్చే చోట్లవి. అక్కడ వేలు ఆనీ ఆనకుండా మీటితే చిన్న గంట మోగినట్టుంటుంది.

కుడిచేయి మీటుతుంది, పాడేది ఎడమచేయి. నాదం సన్నగిల్లిపోతున్నా వేలు జారుతూనే ఉంటుంది. ఒక్కోసారి తీగ మీద చర్మం రాపిడి తప్ప ఏమీ వినపడదు. అదీ పాటే. కర్ణాటక సంగీతం విన్న చెవికి ఈ జారులూ కంపితాలూ కొత్తేమీ కాదు. స్వరాలు కూడా ఎక్కువగా మోహన రాగంలోని ఆ అయిదే. కొత్తగా ఉండేది తాళం.

నా పాటలు పుస్తకాల్లో ఉన్నాయి. 1425లో జూ చ్వాన్ అనే మింగ్ రాకుమారుడు 'షెన్‌చీ మీపూ' అనే సంకలనం తెచ్చాడు. ఏ తీగ, ఏ చుక్క దగ్గర, ఏ వేలు, లోపలికా బయటికా, అన్నీ అందులో ఉంటాయి. ఎంతసేపు నిలపాలో మాత్రం ఉండదు. గురువు దగ్గర నేర్చుకున్నవాడికి అక్కర్లేదు. ఆ వరస తెగిపోతే తర్వాతివాడు పుస్తకం ముందేసుకుని, నెలల తరబడి మీటి చూసుకుంటూ పాటకు నడక కట్టుకోవాలి.

'గ్వాంగ్‌లింగ్ సాన్' సంగతి చూడండి. మూడో శతాబ్దంలో జీ కాంగ్ అనే కవికి మరణశిక్ష పడింది. చనిపోయే ముందు ఈ పాట వాయించి, ఇక ఇది తనతోనే సరి అన్నాడట. సరి కాలేదు, 1425 పుస్తకంలో ఉంది. దాని ఆధారంగా 1950లలో గువాన్ పింగ్‌హూ మళ్లీ వినిపించాడు. అది జీ కాంగ్ వాయించినదేనా? నన్నడిగితే, అది గువాన్ పాట.

1977లో వోయేజర్ నౌకల్లోని రికార్డుతో అంతరిక్షంలోకి పోయిన 'ల్యూ షుయ్' అనే పాట కూడా ఆయన వాయించిందే. ఏడున్నర నిమిషాలు, ఆ రికార్డులోని పాటల్లో అన్నిటికన్నా పొడవైనది. ఆయన అప్పటికి పోయి పదేళ్లయింది. ఆ పాటను బో యా అనే ప్రాచీన వాద్యకారుడికి ముడిపెట్టి చెబుతారు. కానీ మధ్యలో నీళ్లు సుడి తిరుగుతున్నట్టు వినిపించే ఆ భాగం ఉంది చూశారూ, అందరూ మెచ్చుకునేది, దాన్ని చేర్చింది పంతొమ్మిదో శతాబ్దపు జాంగ్ కొంగ్‌షాన్. 1876లో అచ్చయింది.

అందుకే 'మూడు వేల ఏళ్ల చెక్కుచెదరని సంప్రదాయం' అని ఎవరైనా నన్ను పొగిడితే నవ్వొస్తుంది. చెదరకేం? 1956లో జా ఫూషీ బృందం దేశమంతా తిరిగితే నన్ను వాయించేవాళ్లు వంద మంది కూడా దొరకలేదు. పదేళ్లకు సాంస్కృతిక విప్లవం వచ్చింది. నాలాంటివి ఎన్నో పగిలాయి, కాలాయి. నన్ను పాత బొంతలో చుట్టి అటక మీద దాచారు. కిందికి దించాక పట్టు తీగలు తీసేసి ఉక్కువి బిగించారు. అవి తొందరగా తెగవు, గట్టిగా మోగుతాయి. పట్టులోని గరుకుదనం మాత్రం లేదు. 2003లో యునెస్కో గుర్తించాక నా ముందు మైకులు కూడా పెడుతున్నారు. నేను సభ కోసం పుట్టలేదు. వాయించేవాడు, వినే స్నేహితుడు ఒక్కడు, అంతవరకే నా గొంతు.

గువాన్ వాయించిన 'ల్యూ షుయ్' నెట్లో దొరుకుతుంది, పట్టు తీగల మీదిదే. వినండి. వినపడటం లేదని సౌండ్ పెంచకండి, ఫ్యాను ఆపండి.