నంబరు మార్పు సందేశం: టీకా తాత్పర్య సహితం

మూలం

“నాచారం వెంకటేశ్వర వాళ్ల నంబర్ మారింది మేడమ్. రెండింట్ల మార్చుండ్రి. బిల్లు పాత పేరు మీదనే కొట్టుండ్రి.”

అవతారిక

ఉప్పల్ పారిశ్రామికవాడలో బేరింగులమ్మే ఒకానొక యజమాని, రింగురోడ్డు సిగ్నల్ దగ్గర బండి ఆగిన శుభముహూర్తాన, తన అకౌంట్స్ మేడమును ఉద్దేశించి వాట్సాప్ ముఖంగా ఈ మూడు వాక్యాలు అనుగ్రహించాడు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది మన మెదక్ వైపు కొల్చారమని ప్రతీతి. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే మాట ఇచ్చుకున్నాడు. మొదటి నియమాన్ని మనమూ పాటిద్దాం. రెండోదీ పాటిస్తే ఈ టీక పుట్టదు.

ప్రతిపదార్థం

నాచారం = నాచారం పారిశ్రామికవాడయందలి, పిన్‌కోడు 500076 గల; వెంకటేశ్వర = ఆ నామము గల పార్టీ; వాళ్ల = వారియొక్క (గౌరవ బహువచనమా, నిజంగానే ఇద్దరా అన్నది ముందు తేలును); నంబర్ = సెల్‌ఫోను సంఖ్య; మారింది = మారినది; మేడమ్ = ఓ మేడమా; రెండింట్ల = సేల్స్ పిల్లలు పార్టీల వివరాలు రాసుకునే సీఆర్‌ఎమ్ నందును, లెక్కల ట్యాలీ యందును; మార్చుండ్రి = మార్చుడు; బిల్లు = ఇకమీదటి ఇన్‌వాయిసులను; పాత పేరు మీదనే = పాత పేరున మాత్రమే; కొట్టుండ్రి = టైపు చేయుడు.

ఇక్కడ ‘మీదనే’ అన్నచోటి ఏవకారాన్ని గమనించాలి. పాత పేరు మీదనే అని నొక్కి చెప్పాడంటే కొత్త పేరు ఒకటి ఎక్కడో తయారై ఉంది. యజమానికి అది తెలుసు, చెప్పలేదు. ధ్వని ప్రధానమైన కావ్యం.

పాఠాంతరాలు

సేల్స్ ప్రతిలో ఈ పార్టీ ‘వెంకటేశ్వర ఇంజినీరింగ్’ అని ఒకచోట, ‘ఎస్‌వీ వర్క్స్ నాచారం’ అని ఒకచోట, ‘వెంకట్ సార్ చెక్ ఇస్తడు’ అని మరొకచోట కనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేటప్పుడు శకారానికి ఒకడు ఎస్ ఒక్కటే వేస్తాడు, ఇంకొకడు పక్కన హెచ్ తగిలిస్తాడు. యంత్రానికి ఎన్ని వర్ణక్రమాలో అన్ని పార్టీలు.

లెక్కల ప్రతి తీరు వేరు. ట్యాలీ ఒకే పేరుతో రెండు లెడ్జర్లు తెరవనివ్వదు. వేంకటేశ్వరుడి పేరు పెట్టుకున్న వర్క్‌షాపులు ఈ చుట్టుపక్కల ఒకటితో ఆగవు గనుక, మేడమ్ పేరు చివర ఒక గీత గీసి ‘నాచారం’ అని చేర్చి, సండ్రీ డెటార్స్ కింద పెట్టుకుంది. సేల్స్ పిల్లగాడు గుర్తుండడానికి రాస్తాడు, మేడమ్ జీఎస్టీ సర్టిఫికెట్ చూసి రాస్తుంది. రెండూ శుద్ధపాఠాలే. అయినా వ్యాఖ్యాతకు ‘చెక్ ఇస్తడు’ అన్న పాఠం మీదే మక్కువ. వ్యాపారానికి అందులో ఉన్నంత సమాచారం మిగతా వాటిల్లో లేదు. దాన్ని పెట్టడానికి ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ సరైన గడి లేక పాపం పేరులో దూర్చాడు.

చిరునామాలో కూడా పొరలున్నాయి. పాత ప్రతుల్లో రంగారెడ్డి జిల్లా, 2016 అక్టోబరు 11 తర్వాతి వాటిల్లో మేడ్చల్–మల్కాజిగిరి. జిల్లా తప్పితే నష్టం లేదు. రాష్ట్రం గడిలో 2014కు ముందటి ఆంధ్రప్రదేశ్ అలాగే ఉండిపోతేనే చిక్కు. ఉప్పల్ నుంచి నాచారానికి ట్రాలీ ఆటోలో పోయిన సరుకు మీద, రాష్ట్రం దాటినట్టుగా, ఐజీఎస్టీ పడుతుంది.

శంక

రెండు ప్రతులనూ సింక్ చేస్తే ఈ బాధ తీరదా అని శిష్యుడి ప్రశ్న. ఇందులో మూడు మతాలు. పేరు వేరైతే పార్టీ వేరు, రెండిటినీ కలపరాదని ద్వైతులు. ఉన్నది ఒక్కటే వెంకటేశ్వర, కనబడే భేదమంతా టైపింగు మాయ, అన్నిటినీ మెర్జ్ కొట్టుమని అద్వైతులు. సంస్థ ఒక్కటే, మనుషులూ నంబర్లూ చిరునామాలూ దానికి విశేషణాలని విశిష్టాద్వైతులు. వ్యాఖ్యాత మూడో పక్షం.

రెండు వైపులా పారే సింక్‌లో, చివర రాసినవాడి మాటే నిలిచేలా పెట్టుకుంటే ఏమవుతుంది? సోమవారం పొద్దున ‘వెంకట్ సార్ చెక్ ఇస్తడు’ పేరిట ట్యాక్స్ ఇన్‌వాయిస్ అచ్చవుతుంది. పైగా రెండు గ్రంథాల పరిభాష కలవదు. చాలా సీఆర్‌ఎమ్‌లలో అకౌంట్ అంటే కొనే సంస్థ, కాంటాక్ట్ అంటే అందులో ఫోనెత్తే మనిషి. లెక్కల్లోనో, కరెంటు బిల్లుదీ ఖాతాయే, బ్యాంకుదీ ఖాతాయే. ఏ గడిని ఏ గడితో కలుపుతున్నామో చూడకుండా బటన్ నొక్కినవాడికి ఏ మతమూ మోక్షమివ్వదు. మరో లౌకిక విఘ్నం: సీఆర్‌ఎమ్ క్లౌడులో ఉంటుంది, ట్యాలీ మేడమ్ బల్లమీది కంప్యూటర్లో ఉంటుంది. సాయంత్రం ఆమె సిస్టమ్ ఆపి మెట్రో ఎక్కితే, మధ్యనున్న కనెక్టర్ మూసిన తలుపు కొడుతూ కూర్చుంటుంది.

విశేషం

మరి ఒక్కటే పార్టీ అని దేన్నిబట్టి చెప్పాలి? ఒకే మనిషా కాదా అని తేల్చే డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం, సీడీఎఫ్‌డీ, ఉప్పల్లోనే ఉంది గానీ అక్కడ లెడ్జర్లు పరీక్షించరు. మనకున్నది జీఎస్టీ నంబరు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక వ్యాట్ కాలపు 11 అంకెల టిన్ పోయి ఈ 15 అక్షరాలు వచ్చాయి. మొదటి రెండూ రాష్ట్రం, తెలంగాణకు 36. తర్వాతి పదీ పాన్. పదమూడోది ఆ పాన్ మీద ఈ రాష్ట్రంలో ఎన్నో రిజిస్ట్రేషనో చెబుతుంది. పద్నాలుగో చోట మామూలుగా జెడ్. చివరి అక్షరం ముందున్న పద్నాలుగింటినీ లెక్కగట్టి వేసింది, కాబట్టి నడుమ ఎక్కడ ఒక్క అంకె జారినా యతి తప్పిన పద్యంలా పట్టుబడుతుంది. రెండు సాఫ్ట్‌వేర్లనూ పేరుతో కాక దీనితో కలపాలి. ఫోను తప్పితే ఒక కాల్ వృథా. ఈ నంబరు తప్పితే లక్ష రూపాయల బేరింగుల మీద 18 శాతం, అంటే 18,000 రూపాయల ఇన్‌పుట్ క్రెడిట్, కొన్నవాడి జీఎస్టీ 2బీ స్టేట్‌మెంటులో కనబడదు. అప్పుడు ఫోను అతనే చేస్తాడు.

ఏవకార రహస్యం

మేడమ్ కొత్త నంబరుకు ఫోన్ చేసింది. ఎత్తింది కొడుకు. “నాన్న ఇంటికాడనే ఉంటున్నడు మేడమ్. షెడ్డు నేనే చూసుకుంటున్న. జీఎస్టీ నా పాన్ మీద తీసుకున్న. పాత సిమ్ నాన్న దగ్గరనే ఉంది.”

‘వాళ్ల’ అన్నది నిజ బహువచనమని ఇక్కడ తేలింది. అదే షెడ్డు, అదే బోర్డు, అవే లేత్ మిషన్లు. సొంత పేరున నడిపే వ్యాపారం తండ్రి నుంచి కొడుక్కి వస్తే కొడుకు కొత్తగా రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. పాన్ మారింది గనుక 15 అక్షరాల నంబరూ మారింది. సేల్స్ దృష్టికి ఇది పాత పార్టీయే, టీ కూడా ఆ కప్పుల్లోనే ఇస్తారు. లెక్కల దృష్టికి నిన్నటిదాకా లేని పార్టీ.

ప్రసక్తి వచ్చింది గనుక ఒక మాట. ట్యాలీ పుట్టుకా ఇలాంటిదే. యంత్రాల విడిభాగాలు అమ్మే శ్యామ్ సుందర్ గోయెంకా తన లెక్కలకు సరిపడే సాఫ్ట్‌వేర్ దొరక్క, గణితం చదివిన కొడుకు భరత్‌తో రాయించుకున్నాడు. బెంగళూరులో 1986లో సంస్థ మొదలైంది. తండ్రీకొడుకుల మధ్య ఖాతా మారడమెలాగో ఆ గ్రంథానికి పుట్టుకతోనే తెలిసుండాలి.

సవరణ

కనుక ‘మార్చుండ్రి’ అన్నచోట ‘చేర్చుండ్రి’ అని సవరించి చదువుకోవడమే సాధువు. పాత నంబరు చావలేదు. పాత బాకీ తండ్రి పేరున ఉంది. దాని కోసం ఫోన్ చేయవలసింది ఆయనకే. కొత్త నంబరు పాతదానిమీద పడేలా సింక్ నడిస్తే, బాకీ ఒకరిదీ ఫోను మరొకరిదీ అవుతుంది. ‘పాత పేరు మీదనే’ అన్న ఆజ్ఞకు మాత్రం సవరణ సరిపోదు, దాన్ని కొట్టివేయాలి. యజమాని ఉద్దేశం బాకీ చెదిరిపోకూడదని. తీసుకునే సరుకు కొడుకుది, బిల్లు తండ్రి జీఎస్టీ మీద పడితే క్రెడిట్ ఇద్దరికీ అక్కరకు రాదు.

తాత్పర్యం

ఓ మేడమా! సీఆర్‌ఎమ్‌లో వెంకటేశ్వర వారిని ఒకే సంస్థగా ఉంచి, దాని కింద తండ్రినీ కొడుకునూ వేరువేరు కాంటాక్టులుగా, ఎవరి ఫోను వారికి పెట్టుము. ట్యాలీలో కొడుకు జీఎస్టీ నంబరుతో కొత్త లెడ్జరు తెరువుము. పేరు, చిరునామా, పన్ను వివరాలు లెక్కల నుంచి సేల్స్ వైపు మాత్రమే ప్రవహించుగాక. ఫోన్లు సేల్స్ నుంచి లెక్కల వైపు. నకళ్లు దొరికినచోట పైన రాసెయ్యి అనకుండా ఆపి అడుగు అని పెట్టుకొనుము. తండ్రి లెడ్జరులో వసూళ్లు తప్ప కొత్త బిల్లు వేయకుము. బాకీ తీరిన నాడు సేల్స్ పిల్లలు పాతది తీసెయ్యమని అడుగుతారు. వోచర్లున్న లెడ్జరును ట్యాలీ తీయనివ్వదు. ఆ రికార్డులు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచమని చట్టం కూడా అంటుంది.