రెండు టీబీల గాలిమేడ

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి, చెప్పుల కుప్పకూ ఫోన్ కవర్ల బండికీ మధ్య ఒక్క నిమిషం ఆగండి. 1980లలో తోషిబాలో ఫ్లాష్ మెమరీని కనిపెట్టిన ఫుజియో మసువొకా కలలో కూడా ఊహించని వస్తువు అక్కడ 300 రూపాయలకు దొరుకుతుంది. వేలెడంత లేదు, పైన '2 టీబీ' అని రాసుంటుంది. పేరున్న కంపెనీలు అంత చోటుకు వేలకు వేలు అడుగుతాయి. తెలివితక్కువ కంపెనీలు!

"డౌటెందుకన్నా, సూడు" అని అమ్మేవాడు దాన్ని ల్యాప్‌టాప్‌కు గుచ్చి ప్రాపర్టీస్ తెరుస్తాడు. 1.81 టీబీ అని వస్తుంది. కంపెనీలు వెయ్యితో లెక్కేస్తే విండోస్ 1024తో లెక్కేస్తుంది గనక ఆ తరుగు న్యాయమైనదే. దొంగ సరుకు సైతం తరుగు తీసి చూపిస్తోందంటే ఎంత నిజాయితీ!

ఇంతకీ ఆ అంకె ఎవరు చెప్పారు? పెన్‌డ్రైవే చెప్పుకుంది. పిల్లగాడి గుణం పిల్లగాడినే అడిగి లగ్గం పెట్టుకున్నట్టు. లోపలున్నది ఏ 32 జీబీల చిప్పో. దాన్ని నడిపే కంట్రోలర్‌కు అబద్ధం నేర్పి బజారుకు పంపారు.

ఎల్బీ నగర్ పక్క ఫంక్షన్ హాల్లో పెళ్ళయింది, 200 జీబీల వీడియో ఇందులోకి ఎక్కించారనుకోండి. పచ్చగీత చివరిదాకా పాకుతుంది, ఎర్రర్ అన్నదే రాదు. నిండిపోయాక వచ్చినదాన్ని కంట్రోలర్ చల్లగా పారేస్తుంది, లేదంటే మళ్ళీ మొదటికొచ్చి పాతదాని మీదే రాసేస్తుంది. పారేసే రకమైతే మరీ ముచ్చట. పేర్ల పట్టిక డ్రైవ్ మొదట్లోనే ఉంటుంది గనక అది పదిలం. 'మంగళస్నానాలు', 'జీలకర్ర బెల్లం', 'అప్పగింతలు' ఫోల్డర్లు సైజులతో సహా వరసగా కనిపిస్తాయి. నొక్కి చూస్తే అప్పగింతలు మాత్రం పూర్తయినట్టు తెలుస్తుంది.

ఇందులో ఉండే ఎక్స్‌ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ ఒట్టి అమాయకపుది. ఫైలు లోపలి డేటాకు చెక్‌సమ్ పెట్టుకోదు. రాయమంటుంది, డ్రైవ్ 'రాశా' అంటుంది, నమ్మేస్తుంది. జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ లాంటి అనుమానపు పక్షులు చదివిన ప్రతిసారీ లెక్క సరిచూసుకుంటాయి. అందుకే వాటికి ఫుట్‌పాత్ మీద చోటు లేదు.

కొనేదెవరు? పై అంతస్తుల్లో డేటా సైన్స్ కోచింగ్‌కొచ్చిన హాస్టల్ కుర్రాళ్ళే. డేటాను ఎలా దాచాలో పైన థియరీ, ఎలా పోతుందో కింద ప్రాక్టికల్.

"పోతే మూడొందలేగా" అనే పెద్దమనిషి ఒకడు ఎప్పుడూ ఉంటాడు. కాపీ అయిందన్న ధీమాతో ఫోన్లోంచి చెరిపేసిన ఒరిజినల్‌కు ఎంత కడతావయ్యా?

ప్యాకెట్ మీది '5 జీబీపీఎస్' సంగతీ అంతే. అది యూఎస్‌బీ 3.0 దారికున్న హద్దు, చిప్పు నడక కాదు. నీలం ప్లాస్టిక్ ముక్క పెట్టినంతలో యూఎస్‌బీ 2.0 సరుకు పరుగులు తీయదు. సెకనుకు 10 ఎంబీలు రాస్తే గొప్ప.

అనుమానం తీర్చుకోడానికి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 అని ఉచిత ప్రోగ్రాములున్నాయి. డ్రైవ్ నిండా రాసి, తిరిగి చదివి, నిజంగా ఎంత నిలిచిందో చెబుతాయి. ఆ వేగంతో 2 టీబీలు నింపడానికే 55 గంటలు పడుతుంది, చదవడం అదనం. అమ్మేవాడికి ఈ లెక్క తెలుసో తెలియదో గానీ గ్యారంటీ మాత్రం ధారాళంగా ఇస్తాడు: "రేపు సాయంత్రం దాంక మార్చిస్తనన్నా. బిల్లు మాత్రం అడగకు."