అద్యతన శాస్త్రం

1. అనుబంధ చతుష్టయం

విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగింటినీ ముందుగా నిర్ణయించిన తరువాతే శాస్త్రారంభం చేయడం శిష్టాచారం. ప్రస్తుత శాస్త్రానికి విషయం ఇవాళ, ప్రయోజనం మనశ్శాంతి, ఆ రెండింటికీ గల సంబంధం జన్యజనక భావం, అధికారి, చుట్టూ నలభై పనులు పేరుకుని ఉన్నా చేతిలోని కాఫీని చల్లారనివ్వని స్థితప్రజ్ఞుడు. నిన్నటిని తవ్వక, రేపటిని తలవక, ఈ పూటను ఈ పూటే గడపడం దీని సారం.

ఈ విద్యకు ప్రాచీనుల ప్రామాణ్యం పుష్కలం. నేటికి వెలుపలి భూతానికి లఙ్, నేటికి వెలుపలి భవిష్యత్తుకు లుట్ అని పాణిని ప్రత్యేక లకారాలనే విధించాడు. వర్తమానానికి సమీపంలో ఉన్నదాన్ని వర్తమానంగానే చెప్పవచ్చునని కూడా ఆ మహర్షి అనుమతించాడు. కావుననే, ఇంకా స్నానానికి నీళ్లయినా తోడుకోనివాడు ఫోనులో "వచ్చేస్తున్నా, దారిలో ఉన్నా" అనడం అసత్యం కాదు, వ్యాకరణ సమ్మతం.

2. లక్షణ పరీక్ష

"రేపటిని గూర్చి ఆలోచించకపోవడమే అద్యతనత్వం" అని కొందరి లక్షణం. ఇది అతివ్యాప్తి దోషదుష్టం. గాఢనిద్రలో ఉన్నవాడికీ, వంటింటి రోలుకూ సమానంగా వర్తిస్తుంది. "ఇవాళ్టి పని ఇవాళే చేయడం" అని మరికొందరు. ఇది అసంభవ దోషదుష్టం, లక్ష్యమే లభించదు. కనుక "చేయవలసినది స్పష్టంగా తెలిసి ఉండి కూడా, తెలిసినందుకు చింత లేకుండడం" అన్నదే నిర్దుష్ట లక్షణం.

3. మతత్రయం

ఇవాళ ఎప్పుడు ముగుస్తుందన్న విషయంలో మూడు మతాలున్నాయి. దినారంభాన్ని సూర్యోదయం నుంచి, అర్ధరాత్రి నుంచి రెండు విధాలా గణించిన ఘనత ఆర్యభటుడిదే కనుక, ఈ వివాదం అర్వాచీనులు కల్పించినది కాదు.

(అ) ఔదయికులు: సూర్యుడు పొడిచేదాకా వీరికి ఇవాళే. పరీక్షకు ముందురాత్రి పుస్తకం తెరిచే విద్యార్థులందరూ ఈ సంప్రదాయస్థులు.

(ఆ) అర్ధరాత్రికులు: రోజుకు ఒకటిన్నర జీబీ చొప్పున లభించే డేటాలో మిగిలినది పన్నెండు దాటితే మురిగిపోతుంది కనుక, పదకొండున్నరకు మేల్కొని, ఎన్నడూ చూడబోని సినిమాలను డౌన్‌లోడు చేసుకునే నిష్ఠాపరులు వీరు.

(ఇ) నిద్రాంతులు: పడుకుని లేస్తే తప్ప రోజు మారదని వీరి సిద్ధాంతం. మధ్యాహ్నం కునుకు వల్ల ఒకే తేదీన రెండు ఇవాళలు ఏర్పడతాయి గదా అని ఆక్షేపిస్తే, వీరు దానిని ఇష్టాపత్తిగా స్వీకరిస్తారు. సాయంకాలపు కాఫీ కూడా అప్పుడు మొదటి కాఫీయే అవుతుంది.

4. ఆహార కాండ

రోటిపచ్చడి శుద్ధాద్యతనం, నూరిన పూటే దాని ఆయుర్దాయం. ఆవకాయ కేవల అనద్యతనం; ఎండల్లో పెట్టి ఏడాది పొడుగునా తినాలన్న దురాశకు అది జాడీ రూపం. వివాదమంతా చద్దన్నం వద్దనే. రాత్రి అనుకోకుండా మిగిలిన చద్ది ఆగంతుకం, గ్రాహ్యం. పొద్దుటికి ఉంటుందని గుప్పెడు బియ్యం ఎక్కువ పోసి వండిన చద్ది సంకల్పితం, త్యాజ్యం. రెండింటిలోనూ మజ్జిగ, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ సమానం కావడం వల్ల రుచిచేత భేదం గ్రహించడం అశక్యం. వండినవారి మనస్సునే విచారించాలి. వండినవారు సాధారణంగా సమాధానం చెప్పరు.

5. పూర్వపక్ష నిరాసం

"రేపటికని పాలు తోడుపెట్టని ఇంట పెరుగు ఉండదు, పెరుగు లేక భోజనం పూర్తి కాదు, కాబట్టి అద్యతనుడికి భోజనమే అసిద్ధం" అన్న గృహిణీ మతస్థుల ఆక్షేపం బలవత్తరమైనదే. సిద్ధాంతి సమాధానం: పెరుగు పక్కింట ఉంటుంది. ఇక్కడొక సూక్ష్మభేదం పాటించాలి. "పిన్నిగారూ, కాస్త తోడుంటే ఇస్తారా" అనడంలో రేపటి చింత దాగి ఉంది. అట్లా అడిగినవాడు భ్రష్టుడు. "పిన్నిగారూ, గిన్నెడు పెరుగుంటే ఇస్తారా" అన్నవాడే సిద్ధుడు.

దీనినిబట్టి, ఒక అద్యతనుడు వర్ధిల్లాలంటే సమీపంలో ఒక అనద్యతనుడు ఉండాలన్న వ్యాప్తి సిద్ధిస్తున్నది. కరెంటు బిల్లు గడువును, గ్యాస్ బండ బుకింగును, పిల్లల ఫీజు తేదీని మనస్సులో మోసే ఆ జీవికి ఈ జన్మలో శాంతి లేదు. సిద్ధాంతి ఆ జీవిపై నిత్యం జాలి వహిస్తాడు. గోడమీద "అప్పు రేపు" అని వ్రాయించిన కిరాణా కొట్టు యజమాని ఒక్కడే ఈ వ్యాప్తికి లొంగడు. అతడు ఈ శాస్త్రాన్ని మనకంటె ముందే అధ్యయనం చేశాడు.

6. ఫలశ్రుతి

దీనిని నిష్ఠతో అనుష్ఠించేవారికి సుఖనిద్ర సిద్ధిస్తుంది. వారి ఇంటివారికి సిద్ధించదు. అద్యతనులిద్దరు ఒకే ఇంట చేరితే మూడో వారానికి పొయ్యి వెలగదు. కావున నిర్ణయం: ఒక ఇంట ఒక్కరికే ఈ విద్యయందు అధికారం. పెళ్లి సంబంధాలు కుదిర్చే పెద్దలు జాతకాలతోపాటు దీనిని కూడా విచారించుకొందురు గాక.